మూడు గొప్పదా, ఏడు గొప్పదా

కాంప్ ద మాస్క్ చెరకు ఎస్టేటు

తాతయ్యా,

బైబిలు అంకెలకు నువ్వు చెప్పిన అర్థాలు నిన్న మనింట్లో పరీక్షకు నిలిచాయి. నిన్ను తీసుకెళ్ళిన మలేరియాయే చెల్లిని పట్టుకుంది. అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలతో దానికి దిష్టి తీస్తుండగా పాదిరిగారు గుమ్మంలోకి వచ్చేశారు.

“క్రైస్తవుల ఇంట్లో ఇదేమిటమ్మా?”

“ఆయో, మూడుసార్లే తిప్పానయ్యా! మూడంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. మా ఆయనే చెప్పేవాడు.”

“బైబిల్లో సంపూర్ణ సంఖ్య ఏడు.”

“అయితే ఇంకో నాలుగు తిప్పమంటారా?”

కాలేజీలో తర్కం చదివినవాడిగా అమ్మమ్మే గెలిచిందని నా తీర్పు. పాదిరిగారు మోకరించి ప్రార్థించారు.

తెల్లవారేసరికి చెల్లికి చెమటలు పట్టి జ్వరం దిగింది. లేచి గంజి అడిగింది. ఘనత మూడుదో, ఏడుదో, ఎస్టేటు డాక్టరిచ్చిన క్వినైనుదో నువ్వే తేల్చు. ఈసారి ఆ జ్వరం మనింటి నుంచి వట్టి చేతులతో వెళ్ళింది, తాతయ్యా.