పార్కింగ్‌లో నీడ ఉన్న సముద్రం

జనవరి 12, ఆదివారం

ఈ వేసవికి సముద్రం నేనే ఎంచుతానని ఇంట్లో చెప్పేశాను. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. మా ఆయన హినెక్ సరేనన్నాడు గానీ, మొహం మాత్రం సరే అన్నట్టు లేదు. ఏటా క్రొయేషియా, ఏటా అదే క్యాంపు, అవే గులకరాళ్ళు. పక్క టెంటులో కూడా మా ఊరు విష్కొవ్ వాళ్ళే. అంత దూరం పోయి పక్కింటావిడ టమాటాల కబుర్లు వినడానికి నాకేం ఖర్మ?

అయితే ఈసారి సంగతి వేరు. జూలై అయిదుకి అత్తయ్య, మామయ్యల పెళ్ళయి యాభై ఏళ్ళు. ఏం కానుక కావాలని అత్తయ్యని అడిగాను. సముద్రం ఒడ్డున మామయ్య పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలని ఉందట. అంతేనట. నేను తెల్లబోయాను. మామయ్య పాతికేళ్ళకు పైగా టూరిస్టు బస్సు నడిపారు. మా మొరావియా ప్రాంతంలో సగం మందిని సముద్రాలకు మోసుకెళ్ళి దింపిన మనిషి. అత్తయ్య కూడా పెళ్ళికి ముందు ఫ్యాక్టరీ వాళ్ళతో బల్గేరియా వెళ్ళొచ్చింది. ఇద్దరూ కలిసి మాత్రం ఒక్కసారి కూడా వెళ్ళలేదట. సీజన్‌లో ఆయన ఇంటి పట్టున ఉంటే కదా.

కింద వాటాలోకి దిగి మామయ్యకు చెప్పాను. తాను చూసినంత సముద్రం ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదట, మమ్మల్ని వెళ్ళి రమ్మన్నారు. ఆయన ఇంట్లోనే ఉండి కుందేళ్ళకు మేత వేస్తారట.

జనవరి 13

కుందేళ్ళట!

జనవరి 19, ఆదివారం

నిన్న బ్రనోలో టూరిజం ఎగ్జిబిషన్‌కి వెళ్ళి సంచీ నిండా బ్రోషర్లు మోసుకొచ్చాను. భుజం పీకుతోంది. మా అమ్మాయి యొలానాకి పోర్చుగల్ కావాలి. ఎందుకో నాకు తెలుసు. వాళ్ళ క్లాసు కుర్రాడెవడో అక్కడ అలల మీద నిలబడి ఫోటో పెట్టాడు. హినెక్‌కి క్రొయేషియా. నాకు గ్రీసు దీవి, తెల్లగోడలు, నీలం తలుపులు, నా వంట కాని భోజనం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బ్రోషర్లు మామయ్య ముందు పరిచాం. నిపుణుడు కదా, ఆయన చెప్పే మాటకి విలువ ఉంటుందని. ఒక్కొక్కటే తిప్పి చూశారు. కావొర్లెలో పార్కింగ్ బ్రహ్మాండం అన్నారు, పెద్ద చెట్ల నీడట. మకర్స్కాలో ఏటవాలు, టైరు కింద రాయి పెట్టాల్సిందేనట. రిమినిలో మార్కెట్ వెనక ఆపాలట, చేపల కంపట. యొలానా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. తాతయ్యా, సముద్రం గురించి చెప్పు అని అది గారాలు పోతే, సముద్రందేముందే, అన్నిచోట్లా తడిగానే ఉంటుంది అన్నారు.

హినెక్ మాత్రం అలా కాదన్నాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఇంటికి రాగానే గుమ్మంలోనే అడిగేవాడట, నీళ్ళెలా ఉన్నాయి నాన్నా అని. ఆయన ప్రతిసారీ చెప్పేవారట. ఒకచోట సూప్ లాగా వెచ్చగా, ఒకచోట కాలిగోళ్ళు కనిపించేంత తేటగా. మర్నాడు తీగ మీద నాన్న ఈత నిక్కరు ఆరుతుంటే, వీధిలో పిల్లలందరికీ చూపించేవాడట. కింద టీవీ బల్ల మీద దోసకాయ ఊరగాయ పెట్టుకునే పెద్ద గాజు సీసా ఒకటి ఉంది. నిండా ఇసుకే, పొరలు పొరలుగా. ప్రతి సముద్రం నుంచీ గుప్పెడు. ఏ పొర ఏ ఊరిదో హినెక్ ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెబుతాడు.

ఫిబ్రవరి 9

రివ్యూలు చదివీ చదివీ పిచ్చెక్కుతోంది. ఒకే బీచ్‌ని ఒకడు స్వర్గం అంటాడు, ఇంకొకడు బొద్దింకలు అంటాడు. ఈ జనం తమ ఇళ్ళల్లో ఎలా బతుకుతున్నారో ఒక్కసారి వెళ్ళి చూడాలని ఉంది.

మామయ్య రారట, ఖాయం చేశారు. ఆయన రాకపోతే తానూ రానని అత్తయ్య చెప్పింది. బంగాళదుంపలు చెక్కుతూ చెప్పింది, చెక్కడం ఆపలేదు. కోపం తెచ్చుకుని నాలుగు మాటలంటే నాకు తేలికగా ఉండేది.

ఫిబ్రవరి 20, గురువారం

ఇవాళ క్యాలెండర్‌లో ఓల్డ్రిహ్, అంటే మామయ్య పేరున్న రోజు. లోయ్‌జా వచ్చాడు, పేరురోజు శుభాకాంక్షలు చెప్పడానికి, సొంతంగా కాచిన ప్లమ్ పళ్ళ సారా సీసా పట్టుకుని. మామయ్యతో బస్సులో రెండో డ్రైవర్‌గా ఉన్న మనిషి. మామయ్య వైన్ తేవడానికి నేలమాళిగలోకి దిగారు. ఈయనైనా చెబుతాడేమోనని అడిగాను, ఏ సముద్రం బాగుంటుందని.

"మేం చూస్తే కదా అమ్మాయ్," అన్నాడు.

రాత్రంతా నడిపి పొద్దున్నే చేరేవాళ్ళట. జనాన్ని దింపి, ఎక్కడో వెనక వీధిలో ఇచ్చిన గదిలో పగలంతా పడక. సాయంత్రం, సెలవు అయిపోయిన బ్యాచ్‌ని ఎక్కించుకుని వెనక్కి. లోయ్‌జా అప్పుడప్పుడూ పారిపోయి ఓ మునక వేసి వచ్చేవాడట. మామయ్య మాత్రం ఒక్కసారీ లేదు. ఎండా ఉప్పునీళ్ళూ తగిలితే రాత్రి కళ్ళు మూతలు పడతాయట. వెనక బస్సు నిండా జనం తనని నమ్ముకుని నిద్రపోతుంటారని కర్టెన్ లాగేసి పడుకునేవారట. కిటికీ అవతల అలల చప్పుడు వినిపిస్తూనే ఉండేదట.

మరి సీసాలో ఇసుక? జనం చెప్పులకంటుకుని బస్సులోకి వచ్చిందట. తిరుగు దారిలో సరిహద్దు దగ్గర మికులొవ్‌లో వాళ్ళు కాఫీ తాగుతుంటే మామయ్య బస్సు ఊడ్చి, గుప్పెడు కాగితంలో చుట్టుకునేవారట. మొదటి ట్రిప్పు నుంచి రాగానే కొడుకు గుమ్మంలో అడిగాడు. లేదురా, నేను దిగలేదు అనలేకపోయాడు పాపం అన్నాడు లోయ్‌జా. ఆ తర్వాత ప్రతిసారీ చెప్పాల్సి వచ్చింది. నీళ్ళ సంగతులన్నీ బస్సులో జనం చెప్పుకుంటుంటే విన్నవే.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఇద్దరం నోరు మూసుకున్నాం. మామయ్య వైన్ పోస్తుంటే ఆయన చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను. నేనైతే మొదటి వారమే దూకేదాన్ని, బస్సు గిస్సు ఏమైనా కానీ.

ఫిబ్రవరి 21

రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ఆయన సముద్రం మొహం మొత్తి కాదు రానంటున్నది. ఈత రాదు, నీళ్ళల్లో ఎలా అడుగెయ్యాలో తెలియదు. అక్కడ హినెక్ ముందు అంతా బయటపడిపోతుందని భయం. ఇన్నాళ్ళూ మొండి మనిషి అనుకున్నాను. నా బుద్ధికి చెప్పుతో కొట్టాలి.

హినెక్‌కి చెప్పను. యొలానాకి అసలే చెప్పను. ఎలాగైనా ఆయన్ని అత్తయ్య పక్కన కుర్చీలో కూర్చోబెట్టాలి.

మార్చి 9

నోరు జారాను. నీళ్ళు ఎంత లోతుంటే బాగుంటుంది మామయ్యా అని అడిగాను. లేచి కుందేళ్ళ దగ్గరకు వెళ్ళిపోయారు.

ఏప్రిల్ 21, ఈస్టర్ సోమవారం

పొద్దున్నే మామయ్య, హినెక్ ఈస్టర్ ఆనవాయితీకి, విల్లో కొమ్మలతో అల్లిన బెత్తాలు పట్టుకుని వీధంతా తిరిగి, ఆడవాళ్ళ కాళ్ళకు తగిలించి, గుడ్లూ సారాచుక్కలూ వసూలు చేసుకొచ్చారు. హినెక్ మధ్యాహ్నానికే పడకేశాడు. మామయ్య మాత్రం చెక్కు చెదరలేదు, వంటింట్లో కూర్చుని కాఫీ అడిగారు. మంచి మూడ్‌లో ఉన్నారు. ఇదే అదను అనుకున్నాను. ఈసారి ప్రశ్న మార్చాను. ఏ సముద్రం మంచిదని కాదు, ఎక్కడి నుంచి జనం బాగా తిరిగొచ్చేవాళ్ళు అని అడిగాను.

కప్పు కింద పెట్టారు. ఇక చూడాలి! ఎక్కడ దాచుకున్నారో ఇన్ని మాటలు. ఒక ఊరి నుంచి వచ్చేవాళ్ళు సరిహద్దు దాకా దెబ్బలాడుకునేవారట. ఇంకో ఊరి నుంచి వీపులు కాలి వచ్చేవారట, సీటుకి ఆనలేక రాత్రంతా కొయ్యల్లా నిటారుగా కూర్చునేవారట. కొత్త దంపతులు ఒకచోటికి నవ్వుకుంటూ వెళ్ళి, చెరో కిటికీ పక్కనా కూర్చుని వచ్చేవారట. అద్దంలో అన్నీ కనిపిస్తాయి అన్నారు. నేను గ్లాసులు తుడవడం ఆపేసి విన్నాను. ఎంత మనిషి! రోడ్డు మీద ఒక కన్ను, జనం మీద ఒక కన్ను వేసుకుని ఇన్నేళ్ళు బతికారు.

చివరికి ఇటలీలో గ్రాదో అన్నారు.

"గ్రాదో నుంచి ఎక్కినవాళ్ళు ఉదినే ఊరు దాటకముందే నిద్రపోయేవాళ్ళమ్మాయ్. అందరూ. చంటిపిల్లలు, ముసలాళ్ళు, ఎప్పుడూ నిద్రపట్టదని గోలపెట్టే ఆడవాళ్ళు కూడా. నోళ్ళు తెరుచుకుని. రేడియో కట్టేసేవాణ్ణి. అలాంటి నిద్ర నాకెప్పుడూ పట్టలేదు."

"అయితే ఈసారి మీరు వెనక సీట్లో కూర్చోండి మామయ్యా," అన్నాను.

కాఫీ అడుగున మిగిలిన మడ్డి దాకా తాగారు. కుందేళ్ళ సంగతేంటి అని అడిగారు. లోయ్‌జా చూసుకుంటాడన్నాను. ఊఁ అన్నారు.

ఏప్రిల్ 22

ఆయన మనసు మారకముందే బుక్ చేశాను. గ్రాదో, జూలై అయిదు నుంచి వారం. నా తెల్లగోడలూ నీలం తలుపులూ పోతే పోయాయి. బాధ లేదు. అబద్ధమెందుకు, కొంచెం ఉంది.

మే 18

యొలానా అలిగింది. ఆ బీచ్ రివ్యూలు మొత్తం చదివి స్క్రీన్‌షాట్లు పంపింది. ముసలివాళ్ళ సముద్రమట, అలలే ఉండవట, ఎంత దూరం నడిచినా నీళ్ళు మోకాలు దాటవట, ఇది సముద్రమా తొట్టా అని ఒకావిడ తిట్టిపోసింది. ఆ రివ్యూ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఇంత మంచి మాట ఇంకెవరూ రాయలేదు.

జూలై 4, సాయంత్రం

కింద వాటాలో పొగ, నూనె వాసన. అత్తయ్య దారికి ష్నిట్జెల్ వేయిస్తోంది. దారిలో మాంసం అమ్మరా అంటే వినదు. నేను మాంసం ముక్కల్ని సుత్తితో చదును చేసి ఇచ్చాను, ఆవిడ రొట్టెపొడి అద్ది వేయించింది. మధ్యలో చేతులు కడుక్కుని, మామయ్య సంచీలో ఈత నిక్కరు పెట్టింది. నీలం రంగుది, పక్కన తెల్ల చార. రంగు బాగా వెలిసింది గానీ లాస్టిక్కు మాత్రం ఎక్కడా సాగలేదు. ఇంత గట్టిగా ఉందేమిటని అడిగాను.

పెనంలో ముక్కని తిప్పింది.

"ట్రిప్పుకి వెళ్ళేటప్పుడు పెట్టేదాన్ని. పొడిగానే తిరిగొచ్చేది. ఉతికి, హినెక్‌కి కనబడేలా ముందు వైపు తీగ మీద ఆరేసేదాన్ని."

నా చేతిలో సుత్తి ఆగిపోయింది. మీకు తెలుసా అత్తయ్యా అన్నాను.

"నాకు తెలుసని ఆయనకు తెలీదు. నువ్వు చెప్పకు," అంది. తర్వాత, చూడు ఆ ముక్క మరీ పల్చనైంది అని నన్ను కసిరింది.

పైకొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇలాంటి ఇంటికి కోడలినై ఇన్నేళ్ళూ టమాటాల గురించి ఏడిచాను.

జూలై 5

చేరాం. మామయ్య వెనక సీట్లో కూర్చుని దారంతా హినెక్‌కి గేర్లు చెప్పారు. ఒక్క క్షణం కన్ను మూయలేదు, కుడి కాలితో నేలని తొక్కుతూనే ఉన్నారు, అక్కడ బ్రేకు ఉన్నట్టు. ఆస్ట్రియాలో గ్రాట్స్ దాటాక ఆగి ష్నిట్జెల్ తిన్నాం. ఆ పార్కింగ్ ఆయనకు నచ్చలేదు.

ఇక్కడికి రాగానే అందరూ సముద్రం వైపు పరిగెత్తితే, ఆయన కారు చుట్టూ తిరిగి చూశారు. పైన్ చెట్ల నీడ. బాగుంది అన్నారు.

జూలై 6

పొద్దున్న మామయ్య నీలం నిక్కరు, చొక్కా, మేజోళ్ళతో సహా వచ్చారు. మేజోళ్ళు విప్పి మడతపెట్టి చెప్పుల్లో పెట్టారు. నీళ్ళు మొదలయ్యే చోట ఆగిపోయారు. ఆగిపోయి, అలాగే నిలబడ్డారు.

హినెక్ అప్పటికే చాలా దూరం వెళ్ళాడు. అక్కడి నుంచి అరిచాడు, నీళ్ళెలా ఉన్నాయి నాన్నా అని. తనకేం తెలుసు, ఊరికే అలవాటుగా అడిగాడు.

అత్తయ్య కుర్చీలోంచి లేచి వచ్చి చెయ్యి చాపింది, నన్ను పట్టుకో, నాకు భయంగా ఉంది అంది. ఆవిడకు భయమా! బల్గేరియాలో లోతు నీళ్ళలో తేలే బోయ్ దాకా ఈది వచ్చిన మనిషి. మామయ్య ఆ చెయ్యి పట్టుకుని, ఆవిడని జాగ్రత్తగా నడిపించుకుంటూ నీళ్ళలోకి వెళ్ళారు. నడిచారు, నడిచారు. నీళ్ళు మోకాలు దాటలేదు. ఆ రివ్యూ రాసిన ఆవిడ చల్లగా ఉండాలి. బాగా లోపలికి వెళ్ళాక ఇద్దరూ వంటింట్లో కూర్చున్నట్టు నీళ్ళల్లో కూర్చుండిపోయారు. తలలు మాత్రం కనిపించాయి. చాలాసేపు అలాగే ఉన్నారు. చుట్టూ పిల్లలు బంతి ఆడుకున్నారు.

తిరిగొచ్చేసరికి హినెక్ ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మామయ్య మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. నాలుకతో చప్పరించి చూశారు.

"సూప్ లాగా ఉన్నాయిరా," అన్నారు. "కాస్త ఉప్పెక్కువ."

నేను సంచీలో కళ్ళజోడు వెతుకుతున్నట్టు తల దూర్చేశాను. కళ్ళజోడు నా నెత్తి మీదే ఉంది.

జూలై 9

పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి దిగుతున్నారు. కుందేళ్ళ ఊసే లేదు.

జూలై 12

తిరుగు ప్రయాణం. ఉదినే ఇంకా రాలేదు. హినెక్ అద్దంలోకి చూసి, చెయ్యి చాపి రేడియో కట్టేశాడు. మామయ్య అత్తయ్య భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు.

జూలై 13

నీలం నిక్కరు ముందు వైపు తీగ మీద ఉంది. ఉప్పుకి అట్టలా బిగుసుకుపోయింది. అత్తయ్య ఉతకలేదు.