చాయ్ లెక్కలోకి రాదు

మంగళవారం, కోడేరు

షుగర్ నివారణ మీద పరిశోధన చేస్తున్న బృందం వెంట ఈ ఉదయం కూలీల వాడకు వెళ్లాను. పరగడుపున రక్తం తీస్తున్నారు. వరుసలో ఉన్న బాలమ్మ అనే కూలీకి షుగర్ ఎక్కువ వచ్చింది. ఆమె వచ్చే వారం చెరకు నరకడానికి వలస పోవాలి. జబ్బుందని తెలిస్తే కూలీలను కుదుర్చుకునే మేస్త్రీ తీసుకుపోడు.

"ఏమన్న తిన్నవా అక్కా?" నర్సు మళ్లీ అడిగింది.

"ఏం తినలే బిడ్డా. చాయ్ తాగిన, గంతే."

"చక్కెర ఏసుకున్నవా?"

"చక్కెర లేని చాయ్ ఎవ్వలు తాగుతరు?"

వరుసంతా నవ్వింది. తర్వాత ఒక్కొక్కరే తామూ తాగి వచ్చామన్నారు. వాళ్ల దృష్టిలో చాయ్‌తో పరగడుపు పోదు. నర్సు అన్ని రీడింగులూ కొట్టేసి, రేపు ఏమీ తాగకుండా రమ్మంది.

"రేపు గూడ గంతే వస్తే?" అని బాలమ్మ నన్ను అడిగింది. 

పోయిన నెల పరీక్షలో నాకూ షుగర్ ఎక్కువే వచ్చింది. నేనూ చాయ్ తాగే వెళ్లాను. తప్పు చాయ్‌దే అనుకుని మళ్లీ చేయించుకోలేదు. బాలమ్మ మాత్రం రేపు వస్తానంది.

రేపు పొద్దున నాకు చాయ్ పెట్టొద్దని ఇంట్లో చెప్పాను. ఎందుకో చెప్పలేదు.