చల్లబడిన పిట్ట

ప్రియమైన అక్కా,

నీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? ఇక్కడ నా మనసు మనసులో లేదు. జూలో నన్ను కోలాల గది నుంచి పిట్టల గదికి మార్చారని రాశాను కదా. ఎర్రగొంతు హమ్మింగ్ పిట్టలు రెండున్నాయి, బొటనవేలంత. కోలా అయితే ఎలుగు పిల్లలా కొమ్మని వాటేసుకుని, నాలుగు ఆకులు నమిలి రోజంతా పడుకుంటుంది. ఇవి పగలంతా పావుగంటకోసారి తీపినీళ్ళు తాగకపోతే బతకవట. ఇంత చిన్న ప్రాణాన్ని నా చేతిలో పెట్టారేమిటని మొదటిరోజే భయమేసింది.

నిన్న పొద్దున్న వెళ్ళేసరికి మగపిట్ట కొమ్మ మీదే బిగుసుకుపోయి ఉంది. ముట్టుకుంటే రాయిలా చల్లగా ఉంది. జంతువుల డాక్టరు సెలవులో ఉన్నాడు. ఆఫీసరు తిడతాడని గులాబీ కుండీలో పూడ్చేసి, ఎగిరిపోయిందని చెప్పాను. పూడ్చేముందు, నిద్రపోయిందేమోనని ఒక్క క్షణం అనిపించింది అక్కా. అప్పట్నుంచి ముద్ద దిగట్లేదు. వెంటనే రాయి.

నీ చెల్లెలు

ప్రియమైన పిరికిదానికి,

నువ్వు పుట్టినప్పుడు కూడా భయపడే ఏడ్చుంటావు. ముప్పై ఏళ్ళు కోలాలకి ఊడిగం చేశాను, నాకు తెలీదా? అవి ఎంత మొద్దునిద్రలో ఉన్నా పొట్ట కింద చెయ్యి పెడితే వెచ్చగా ఉంటాయి. చల్లబడిందంటే పోయినట్టే. రెండోది పోయినా అలాగే పూడ్చెయ్. నోరు విప్పకు. వేళకి తిను.

అక్క

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం అందిన మర్నాడే ఆడపిట్టా చల్లబడింది. నువ్వన్నట్టే కుండీలో గొయ్యి తీశాను. తీరా చేతిలోకి తీసుకున్నాక మట్టిలో పెట్టలేకపోయాను. కాసేపు నా దగ్గరుండనీ అని రవికలో పెట్టుకుని, మెట్ల మీద ఎండలో కూర్చుని ఏడ్చాను. అరగంటకి నా గుండెల మీద ఏదో టకటకా కొట్టుకుంది. నా గుండే అనుకున్నాను. కాదు. ఝుమ్మని ఎగిరింది.

డాక్టరు వచ్చాక అంతా చెప్పేశాను.

"చలి రాత్రుల్లో అవి అలాగే చల్లబడతాయమ్మా, చచ్చినట్టే ఉంటాయి, వెచ్చబడితే లేస్తాయి. కోలా లెక్కన చూస్తే ఎలా?" అన్నాడు.

"మరి మొదటిది బాబూ?"

గులాబీ కుండీ వైపు చూశాడు.

బతికిన పిట్టని చూస్తే కూడా ఏడుపొస్తోంది. ఒక్క అరగంట ఆగి ఉంటే. నిన్ను అనట్లేదు, చేతులు నావి. ఆ కుండీ వైపు వెళ్ళలేక చుట్టూ తిరిగి నడుస్తున్నాను. ఇక పని మానేస్తానని ఆఫీసరుకి చెప్పాను. "సరే, కోలాల గది నుంచి ఇంకో ఆవిణ్ణి పంపుతాం" అన్నాడు.

ఆవిడకీ కోలా లెక్కే తెలుసు. అందుకే మానలేదు అక్కా.

నీ చెల్లెలు