ప్రసాదరావు గారి సెమీ ఆటో

సెప్టెంబర్ 22, సోమవారం

మళ్లీ అడిగిన. రేంజ్ నడిపే మహేందర్ అన్న ఫోన్‌లోంచి తల ఎత్తకుండనే — "డెస్క్ మీద మంచిగనే ఉన్నవ్ కద, అనూషా."

మంచిగనే ఉన్న. షూటింగ్ రేంజ్‌లో కుర్చీ, టేబులు, తిరిగితే తిరుగుతది లేకుంటే లేదు అనే ఫ్యాను. వచ్చినోళ్ల పేర్లు రాసుకునుడు, చప్పుడుకు చెవులు పోకుండ మఫ్‌లు ఇచ్చుడు, పోయేటప్పుడు తీసుకునుడు. బీఎస్సీ ఫిజిక్స్ ఇందుకు చదివిన.

రేంజ్ ఆఫీసర్‌గా ఉన్న పాతాయన ఈ నెలతో మానేస్తున్నడు. షూటర్ల వెనక, ఎర్ర గీత మీద ఆయన నిలబడే జాగ ఖాళీ. అదే నాకియ్యమంటున్న. అక్కడ నిలబడి 'లోడ్' అంటే రైఫిళ్లన్నీ కదలాలె. 'స్టాప్' అంటే ఎంతటోడైనా ఆగాలె. ఎండాకాలంలో కోర్సు చేసిన, పాసైన. అయినా మహేందర్ అన్న అనేది ఒకటే మాట — "విమానం పోయేటప్పుడు నీ గొంతు ఎవనికి వినపడ్తది?"

అది మాత్రం నిజం. ఎయిర్‌పోర్ట్‌లో దిగేవి సగం మా నెత్తి మీంచే...

సెప్టెంబర్ 23

మిద్దె మీద అరుస్తున్న. స్టాప్! అన్‌లోడ్!

కింద నుంచి అమ్మ — "ఎవలతోని కొట్లాటనే?"

గోడ మీంచి పక్కింటామె — "పిల్లకు ఏమన్న సోకిందా వదినా?"

"లేదు, నౌకరి ప్రాక్టీసంట."

సెప్టెంబర్ 26, శుక్రవారం

మా పాత మెంబరు ప్రసాదరావు గారు సెమీ ఆటో రైఫిల్ కేసు తెరిచిన్రు. యాదన్న ఊకుంటడా. మా ఊరు పాల్మాకులోడే, ప్లాట్లు అమ్ముతడు, ఎవరి నోట్లో మాటైనా గుంజుకుంటడు.

"సార్, మీదాంట్ల మజా ఏముంది? నాది చూడుండ్రి. బోల్ట్ ఎత్తాలె, ఎనకకు గుంజాలె, ముందుకు నూకాలె. ఒక్కో గుండు నా చేత్తోని పోవాలె. మీది గదేంది, కుట్టు మిషను లెక్క."

"మీ భుజం నా భుజం ఒకటి కాదుగా యాదయ్యగారూ" — ప్రసాదరావు గారు అట్లనే మాట్లాడ్తరు, రిటైరై పదేళ్లైనా బ్యాంకు మేనేజరు లెక్కనే. కుడి భుజం పట్టేసిందంట. బోల్ట్ రైఫిల్ అయితే గుండు గుండుకూ చెయ్యి తిప్పాలె, తిప్పితే చెంప కదులుతది, మళ్లీ గురి కుదిరేసరికి ఆయాసం. "దీంతో ఆ బాధ లేదమ్మా. తర్వాతి గుండు అదే ఎక్కించుకుంటుంది. చెంప ఆనించిన చోటే ఉంటుంది, కన్ను గురి మీదే ఉంటుంది. ఊపిరి వదలడం, నొక్కడం. అంతే."

పళ్ల డాక్టరమ్మకూ సెమీ ఆటోనే ఇష్టం. "పొద్దంతా వంగి వంగి ఒకరి నోట్లో చేతులు పెట్టే బతుకు. ఇక్కడ ఒక్క వేలు కదిలిస్తే చాలు, యాదన్నా. గింత సుఖం ఇంకేడ దొరుకుతది?"

తుపాకి ఎందుకు నచ్చిందని అడిగితే, ఒంట్లో ఎక్కడ నొస్తదో చెప్తున్నరు.

"మరి నీకేదిష్టం?" యాదన్న నా దిక్కు తిరిగిండు.

"నాకు ఆ ఎర్ర గీత ఇష్టమన్నా."

"గది గన్నెట్లయితది పిల్లా!"

సెప్టెంబర్ 29

అన్న ఒప్పుకున్నడు — సగం. "దసరా అయినంక ఆదివారం. ఒక్క పూట. మెంబర్లు జర పరేషాన్ అయినా, ఇగ నన్ను అడగొద్దు."

తల ఊపి, ఇంటికొచ్చి మళ్లీ మిద్దెక్కిన.

సెప్టెంబర్ 30

సద్దుల బతుకమ్మ. గొంతు దాచుకుందామని పాట ఎత్తుకోలే, చప్పట్లే కొట్టిన. అమ్మ అలిగింది.

అక్టోబర్ 2, గురువారం

దసరా, గాంధీ జయంతి ఒక్కటే రోజు. మటన్ దుకాన్లు బంద్. బాపు నిన్ననే తెచ్చి ఫ్రిజ్‌లో దాచిండు, దొంగసొత్తు లెక్క.

రేంజ్‌లో ఆయుధ పూజ. తెల్లగుడ్డ పరిచిన టేబుల్ మీద రైఫిళ్లు వరుసగా, బోల్ట్‌లు తెరిచి. ఖాళీగున్నయని తెలిసేటట్టు అన్నిట్లో నారింజ రంగు ఫ్లాగులు నేనే పెట్టిన. యాదన్న గుమ్మడికాయ తెచ్చిండు. ప్రసాదరావు గారి భార్య పళ్లెంలో గంధం, కుంకుమ, అక్షింతలు.

"గింజలు లోపలికి పోనివ్వకు, అది సున్నితం" అని ఆయన మొత్తుకుంటనే ఉన్నరు.

"ఏడాదికోసారి. మీరు ఊరుకోండి." ఆమె గుప్పిట్లకు తీసుకుని అన్నిటి మీదా చల్లింది, పెళ్లిలో చల్లినట్టే. సెమీ ఆటో మీద ఇంకో గుప్పెడు ఎక్కువ.

పూజ అయినంక అందరం బట్టతో తుడిచినం. పైపైన. పులిహోర కోసం ఆత్రం.

అక్టోబర్ 5, ఆదివారం

రాయాలె. జరిగింది జరిగినట్టు.

మొదటి బ్యాచ్ మంచిగనే పోయింది. "మేడమ్ గారికి సెల్యూట్" అని యాదన్న ఎక్కిరిచ్చిండు, ఓర్సుకున్న.

రెండో బ్యాచ్. ప్రసాదరావు గారి రైఫిల్ రెండు గుండ్లు కాల్చి ఆగిపోయింది. ఆయన దాన్ని చూసిన్రు, ఊపిన్రు... "అమ్మాయ్, ఇది చూడు" అనుకుంట రైఫిల్ తోనే నా దిక్కు తిరగబోయిన్రు. మధ్యలో డాక్టరమ్మ. నెత్తి మీద విమానం.

"స్టాప్!"

ఎక్కడి నుంచి వచ్చిందో. అందరూ ఆగిన్రు. ఆయన కూడ — సగం తిరిగి, బొమ్మలెక్క.

"సార్, బ్యారెల్ టార్గెట్ దిక్కే ఉంచండి. వేలు తియ్యండి. మెల్లగ కింద పెట్టండి." బతిమిలాడుడు ఏం లేదు. ఆర్డర్ లెక్కనే చెప్పిన.

పెట్టిన్రు. ముఖం ఎర్రగ.

యాదన్న చెయ్యి చాపుకుంట వస్తున్నడు — "ఒక్కసారి గట్టిగ గుంజితే వస్తది. గింత దానికి ఆటెందుకు ఆపుడు?"

"యాదన్నా, గీత దాటకు."

"ఊరోన్ని, నన్నే అంటవా?"

"ఊరోనివైనా."

అందరి రైఫిళ్లూ ఖాళీ చేయించి వెనక్కి జరిపిన. అప్పుడు గుండ్ల మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి చూస్తే — గుండు అడ్డంగా ఇరుక్కుని ఉంది. దాని కింద ఒక బియ్యపు గింజ. పసుప్పచ్చగ.

అరచేతిలో పెట్టి చూపించిన. తర్వాత యాదన్నే — "సార్, మీ గన్ను అక్షింతలు మింగిందో!" నవ్వులు. ప్రసాదరావు గారు నవ్వలే.

"ఇగ కానియ్యి" అన్నడు మహేందర్ అన్న. కానియ్యలే. పూజలో పెట్టిన ప్రతి రైఫిల్ తెరిచి చూసినంకనే మొదలని చెప్పిన. యాదన్న దాంట్లో కూడ గింజ దొరికింది. "నాది నడుస్తనే ఉండె కద!" నడుస్తది. చేత్తోని నూకేది కాబట్టి గింజను కూడ నూకేస్తది. సెమీ ఆటో తన పని తనే చేసుకుంటది, మధ్యలో ఏమొచ్చినా అలుగుతది.

చూసుడు అయ్యేసరికి పొద్దెక్కింది. కొందరు గొణుక్కుంట పోయిన్రు. ప్రసాదరావు గారు కేసు మూసి, నా దిక్కు చూడకుండనే పోయిన్రు.

అన్న — "ఈ రేంజ్ పెట్టినప్పటి నుంచి ఉన్న మనిషి. గిట్ల పంపిస్తవా?"

మళ్లీ అయినా గట్లనే అరుస్త. అది పైకి అనకుండ, నారింజ ఫ్లాగులు ఏరి డబ్బాలో పెట్టిన.

అక్టోబర్ 6

డెస్క్. మఫ్‌లు తుడిచిన.

అక్టోబర్ 8, బుధవారం

ప్రసాదరావు గారు వచ్చిన్రు. కేసు లేదు, వట్టి చేతులు. నా ముందు కుర్చీలో కూసున్నరు. ఒక మఫ్ చేతిలోకి తీసుకుని తిప్పిన్రు.

"డాక్టరుగారి వైపు తిప్పబోయాను కదూ?"

"...అవును సార్."

"ఇంటికెళ్లి మా ఆవిడ మీద అరిచాను. గింజ నీదేనని. గన్ను తిప్పింది ఎవరండీ అంది." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నరు. "కోపం వచ్చిందమ్మా నీ మీద. రెండు రోజులు ఉంది. ఇవాళ లేదు."

మంచినీళ్లు ఇచ్చిన.

"వచ్చే ఆదివారం లైన్ మీద ఎవరు?"

"తెల్వదు సార్."

లేచి మహేందర్ అన్న రూంలోకి పోయిన్రు. తలుపు మూసిన్రు. ఏం మాట్లాడుకున్నరో... ఒకసారి మాత్రం అన్న నవ్వు వినపడ్డది.

అక్టోబర్ 10, శుక్రవారం

సాయంత్రం అన్న డెస్క్ దగ్గర ఆగిండు. టేబుల్ మీద వేళ్లతో దరువు. "నువ్వు లైన్ మీదికి పోతే ఈడ ఎవరు కూసుంటరు?"

కుర్చీలోంచి లేచిన. "మనిషి దొరికితే?"

"దొరికితే కద. ఆదివారం లోపల దొరకాలె. దొరక్కపోతే ఇగ నువ్వే ఈడ."

అన్న అటు పోంగనే కవితకు ఫోన్ చేసిన. డిగ్రీలో నా పక్కన కూసునేది, ఆర్నెల్ల నుంచి శంషాబాద్‌లో హోటళ్లన్నీ తిరుగుతున్నది పని కోసం.

"తుపాకులా? అమ్మో. మా ఇంట్ల సంపుతరే."

"నువ్వు ముట్టేది లేదు. పేర్లు రాసుకునుడే."

"...ఏసీ ఉంటదా?"

ఉంటదని చెప్పిన.

రేపు పొద్దున చూడనీకె వస్తనన్నది. వస్తే, ఆదివారం ఎర్ర గీత మీద నేనే.