చెరోకీల పర్మిట్లు, మీ పాస్ కార్డు

ఏమండీ,

ఫ్రిజ్‌లో పప్పుచారు ఉంది, వేడిచేసుకోండి. శ్రీలేఖ ట్యూషన్ నుంచి రాగానే పెరుగన్నం పెట్టండి. కింద నూడుల్స్ కొనిపెట్టి చేతులు దులుపుకోకండి.

నాకు ఉద్యోగం ఇస్తామన్న ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్తున్నాను. మౌస్ పట్టుకోవడం వచ్చిన ప్రతివాళ్లకూ ఉద్యోగం దొరుకుతున్న రోజులివి. ఈ పరాయి దేశంలో నేను పనిచేయడానికి వాళ్లు అనుమతి తెప్పించాలంటే, మీరిక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చిన పాస్ కార్డు నకలు కావాలన్నారు, ఈరోజే ఆఖరు. ఎప్పుడడిగినా "చూద్దాంలే తారా" అంటారు. "నాన్న సో స్లో లా" అని ఇక్కడివాళ్ల యాసలో మీ కూతురు కూడా నవ్వుతోంది.

అమెరికా ఆదివాసులైన చెరోకీల పర్మిట్లు మాత్రం మీ పరిశోధన కాబట్టి నోటికి వచ్చు. నూరేళ్ల కిందట వాళ్ల గడ్డమీద తెల్లవాడు కూలికి రావాలన్నా పర్మిట్ ఉండాలని, పని ఇచ్చినవాళ్లే అది తెప్పించేవారని రోజూ అన్నం తింటూ వినిపిస్తారు. ఆ చెరోకీ ఇళ్ల ఆడవాళ్లు రాసిన ఉత్తరాలు చదివి "ఎంత ఆత్మగౌరవం!" అని కళ్లు తుడుచుకుంటారు. పక్కన నిలబడి వడ్డిస్తున్న మనిషికి అది ఉంటే మాత్రం పొగరంటారు.

మీరు నిద్రపోతుంటే పర్సులోంచి కార్డు తీసుకున్నాను. సాయంత్రం తెచ్చిస్తాను.

మీ బీపీ మాత్ర టీవీ మీద పెట్టాను. మరచిపోకండి.

తార

ఇంకోమాట. నేను వచ్చేదాకా మన క్లెమెంటి పేట దాటి వెళ్లకండి. పోలీసులు ఆపి కార్డు అడిగితే, మీ దగ్గరున్న చెరోకీ పర్మిట్లలో ఒకటి చూపించండి.