వెదురుగడ తగిలిన మెట్టు

మంగళవారం, రాత్రి

ఫైర్ స్టేషన్ కోసం చేస్తున్న నెల్లూరు మ్యాప్‌లో మా సందుకి ఆకుపచ్చ రంగు వేసింది నేనే, ఫైరింజన్ వస్తుందని. గోడకీ గోడకీ మధ్య దూరం చూశాను గానీ సందులోకి పొడుచుకొచ్చిన మా ఇంటి మెట్టు సంగతే మరిచిపోయాను.

ఈ సాయంత్రం ఫైరింజన్ డ్రైవర్ మస్తానన్న, బండి వెడల్పుకు కోసిన వెదురుగడను నేలకి దగ్గరగా అడ్డంగా పట్టుకుని మా సందులో నడిచాడు. నేను ఫోన్‌లో గుర్తులు పెడుతూ వెనకే వెళ్లాను. గడ పోయి పోయి మా మెట్టుకే తగిలింది. రోజూ సాయంత్రం అమ్మ కూర్చునే మెట్టు. అప్పుడూ అక్కడే చిక్కుడుకాయలు వలుస్తోంది. అన్న గడను నిలువుగా తిప్పేసి, "టీ ఉండాదా అక్కా?" అన్నాడు, ఏమీ జరగనట్టు.

అమ్మకి అర్థమైపోయింది. "బండి రాదా అన్నా?"

"ఈ మెట్టొకటి దాటితే చివరిదాకా పోతాదక్కా."

అమ్మ చేతులు ఆగలేదు. "చివరింట్లో పసిబిడ్డ ఉండాది. రేపు మేస్త్రీని పిలిపించి దీన్ని కొట్టించెయ్," అంది నాతో.

మ్యాప్‌లో మా సందుని ఈ ఒక్క రాత్రికి ఎరుపు చేశాను.

పది దాటింది. దోమలు కుడుతున్నా అమ్మ ఇంకా ఆ మెట్టు మీదే ఉంది. లోపలికి రమ్మని పిలవబుద్ధి కాలేదు. ఈ డైరీ మూసి నేనే బయటికి వెళ్తాను. కాస్త సర్దుకుంటే ఇద్దరం పడతాం.