వెనక సీటు మీద గీతలు

హైదరాబాదు
శ్రావణం, 1943

వదినకు సంగమేశ్వర్ శరణార్థులు, దండాలు. నేను బాగున్న, మీరూ అట్లనే ఉన్నరనుకుంట.

లడాయి పుణ్యాన పెట్రోలు చిట్టీలు దొరకక నా మోటరును మీ కొట్టంల విడిచి, బొగ్గుతోని నడిచే బస్సుల వచ్చిన గద. ఇగ దాన్ని అమ్మేస్త. అమ్మను కంటి దవాఖానకు తీసుకొద్దామనే కొన్న. ఆమెనేమో "మెడల లింగం కట్టుకున్నదాన్ని, తోలు సీటు మీద కూర్చోను" అని పట్టు పట్టింది. అమ్మ ఎక్కని మోటరు నాకెందుకు? దసరాలోపల ఒక సేటు చూడనీకి వస్తడు. సీట్ల మీద గోటిగీత ఉన్నా వద్దంటడంట. జర కనిపెట్టుకొని ఉండు.

నీ మరిది
సంగమేశ్వర్

తా.క. బూటు పాలిష్ డబ్బా పంపుతున్న. సీట్లకు రాయి.

నారాయణఖేడ్

చిరంజీవి సంగమేశ్వర్‌కు వదిన చంద్రమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం.

నీ జాబు చేరంగనే సీట్లు చూసిన. ముందు సీటు అద్దం లెక్క ఉంది. వెనక సీటుకు ఎడమపక్కన మాత్రం రంగు లేచిపోయి, నెలవంకల వంటి సన్నగీతలు పడ్డయి.

ఏ మందైనా కనపడనిచోట రాసి చూడంది పైన రాయను. నీ డబ్బాది సీటు కింద రాసి తెల్లగుడ్డతో రుద్దితే గుడ్డంత ఎర్రగయింది. సేటు తెల్లధోతి కట్టుకొని వస్తే ఏం జవాబు చెప్తవు? అందుకని పాతగుడ్డ తడిపి, గట్టిగ పిండి దుమ్ము తుడిచిన. నీడకు ఆరనిచ్చిన. రంగు పోయినకాడ తంగేడుచెక్క ఉడికించిన నీళ్లు అద్దిన. అవి ఆరినంక, ఆముదంల తేనెమైనం కరిగించి వేలికొసతోని కొద్దికొద్దిగ రుద్దిన. పొద్దుగూకేవరకు గీతలు కనపడకుంట పోయినయి.

నీ వదిన
చంద్రమ్మ

తా.క. డబ్బా పారేయలేదు. మీ అన్న చెప్పులు ఇప్పుడు కచేరీల కొలువు దొరికినట్టు మెరుస్తున్నయి.

హైదరాబాదు

వదినకు శరణార్థులు.

గీతలు వాటంతట అవి పడవు. మా జగన్నాథన్నకు పగటినిద్ర అలవాటు. కొట్టం చల్లగుంటది, సీటు మెత్తగుంటది. ఆయన వెండి మొలతాడే గీరుకుంటున్నట్టుంది. మెల్లగ అడిగి చూడు.

సంగమేశ్వర్

తా.క. మెల్లగ అడుగుడు నీతోని కాకుంటే అమ్మతోని అడిగించు.

నారాయణఖేడ్

చిరంజీవి సంగమేశ్వర్‌కు దీవెనలు.

మెల్లగనే అడిగిన. ఏమైందోనని పక్కింటి నీలమ్మ ఉరికొచ్చింది. మీ అన్న గుడిల బసవన్న మీద ఒట్టు వేసి, ఆ కొట్టం గడప తొక్కనన్నడు. తెల్లారి చూస్తే అదేచోట మళ్ల గీతలు. అత్తమ్మ కూడ పరేషాన్ అయి "పిల్లి అయ్యుంటది" అన్నది. పిల్లిని సంచిల వేసి నాగల్‌గిద్ద పోయే బండిల పంపినం. గీతలు మళ్ల పడ్డయి. పిల్లి కూడ మళ్ల వచ్చింది.

ఇగ లాభం లేదని కొట్టానికి తాళమేసి, తాళపుచెవిని అత్తమ్మ నడుముకుండే గుత్తికి వేసిన. ఇంట్ల అంతకన్న భద్రమైన చోటు లేదు. అయినా నిన్న తీసి చూస్తే ఇంకో రెండు ఉన్నయి. మైనం కరిగించుడే నా పనైంది.

చంద్రమ్మ

తా.క. మీ అన్న నాతోని మాట్లాడుతలేడు. ఇంటిపని జల్దీ అయిపోతున్నది.

హైదరాబాదు

వదినకు శరణార్థులు.

తాళమేసినా గీతలు పడుతున్నయంటే ఏమనుకోవాలె? తప్పు పట్టుకోకు గని, పేరంటానికి వచ్చిన ఆడోళ్లను నువ్వే కూర్చోబెట్టి మోటరు చూపిస్తున్నవేమో. సేటు వచ్చే వారమే బయలుదేరుతడంట.

సంగమేశ్వర్

తా.క. అన్నను మాఫీ అడిగిననని చెప్పు. నీ మీద అనుమానం రాంగనే ఆయన మీదిది పోయింది.

నారాయణఖేడ్

చిరంజీవి సంగమేశ్వర్‌కు దీవెనలు.

నీ జాబు చదివి ఆ పూట అన్నం తినలేదు. కోపంతోని కాదు, సోమవారం ఒక్కపొద్దు.

మధ్యాహ్నం జొన్నలు ఎండపోయనీకి పోతే కొట్టం తలుపు ఓరగ తీసి ఉంది. మోటరుకు అత్తమ్మ చేతికర్ర ఆనిచ్చి ఉంది. తొంగి చూసిన. వెనక సీటు మీద గొంగడి పరిచి, పట్నం పోతున్నట్టు కొంగు నిండ కప్పుకొని అత్తమ్మ కూర్చుంది. ఎడమచేత సీటును గట్టిగ పట్టుకుంది. రంగు లేపింది గొంగడి, గీతలు పెట్టింది చేతికడియం.

"ఏంది అత్తమ్మా ఇది?" అన్న.

"మొత్తుకోకు. ఊరంత వింటది."

"తోలు మీద కూర్చోనన్నవు గద!"

"నేను గొంగడి మీద కూర్చున్న. ఉన్నికి మైల లేదు. దానికింద ఏముంటే నాకేంది?"

"మరి పిల్లి అన్నవు?"

"పిల్లి వచ్చి కాదంటదా?"

"అట్లైతే కొడుకు రమ్మంటే ఎందుకు రానన్నవు?"

కొంగు ఇంకింత ముందుకు గుంజుకుంది. తర్వాత అన్నది: "కన్ను కోస్తరంట గదనే చంద్రీ. భయమైంది. భయమని కొడుకుకు చెప్పుకుంటరా ఎవరన్న? నెపం తోలు మీద పెట్టిన. రోజింత కూర్చుంటే ధైర్యమొస్తదని వస్తున్న. ఇయ్యాల మనసుల దవాఖాన మెట్లదాక పోయిన. నువ్వొచ్చి పిలిచి పాడు చేసినవు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఎక్కి పక్కన కూర్చున్న. ఇద్దరం కలిసి ఆ మెట్లెక్కినం.

తమ్మీ, సేటుకు రావద్దని రాయి. పెట్రోలు చిట్టీలు ఎట్లనో సంపాయించి నువ్వు రా. ఎద్దులబండి కన్న జోరుగ నడపొద్దని అత్తమ్మ షరతు. చిట్టీలు జాస్తి తే.

నీ వదిన
చంద్రమ్మ

తా.క. మీ అన్న మాట్లాడుతున్నడు. ఇన్నిరోజులవి కలిపి మాట్లాడుతున్నడు.

ఇంకో తా.క. గీతలన్ని సాపు చేసిన, ఒక్కటి తప్ప. సంగతి చెప్తే అత్తమ్మ సీటుకు ముఖం ఆనిచ్చి వెతికి, "ఏవీ? నాకైతే ఒక్కటి కనపడతలేదు. ఉత్తగ నన్ను బద్నాం చేస్తున్నరు" అన్నది. ఆ ఒక్కటి అట్లనే ఉంచిన. కండ్లు వచ్చినంక ఆమెకే చూపిస్త.